తల్లీబిడ్డల ప్రసవానంతర ఆసుపత్రి సంరక్షణ

కాన్పు అయిన క్షణం నుంచి తల్లీబిడ్డలు ఆసుపత్రి గడప దాటేదాకా జరిగే పరిశీలన, చికిత్స, టీకాలు, పాలు పట్టించడంలో సాయం, ఇంటి దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు చెప్పడం, వీటన్నిటినీ కలిపి ప్రసవానంతర ఆసుపత్రి సంరక్షణ అంటారు. మన దేశంలో దీనికి ప్రాధాన్యం పెరిగింది గత రెండు దశాబ్దాల్లోనే. అంతకుముందు ఎక్కువ కాన్పులు ఇళ్లలోనే జరిగేవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2005–06లో ఆసుపత్రి కాన్పులు 38.7 శాతం, 2019–21 నాటికి అవి 88.6 శాతానికి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన, 108 అంబులెన్సులు, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తలు కలిసి సాధించిన ఈ మార్పు చిన్నది కాదు. అయితే అదే సర్వేలో మరో అంకె ఉంది. కాన్పైన రెండు రోజుల్లోగా ఆరోగ్య సిబ్బంది ఎవరో ఒకరు తమను పరీక్షించారని చెప్పిన తల్లులు 78 శాతమే. రెండు లెక్కల ప్రాతిపదికలు కాస్త వేరైనా, ఆసుపత్రిలోనే కని, ఆసుపత్రి మంచం మీదే పడుకుని, ఎవరూ సరిగా చూడకుండానే ఇంటికి వెళ్లిన తల్లులు గణనీయంగా ఉన్నారని వీటిని బట్టి తెలుస్తుంది. ఇంటికి పంపడం కూడా ఒక వైద్య నిర్ణయమే. రోగాలు ఎప్పుడు బయటపడతాయో ఆ కాలాన్ని బట్టి బస ఉండాలి, చివర పరీక్షించి రాసిపెట్టిన ఆధారం ఉండాలి, ఇంటి దగ్గర వారి బాధ్యత తీసుకునే మనిషి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలిన రెండూ తల్లీబిడ్డలను కాపాడలేవని ఈ రంగంలో పోగైన ఆధారాలు చెబుతున్నాయి.

తల్లికి మొదటి గండం రక్తస్రావం. ప్రపంచమంతటా తల్లుల మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. మాయ ఊడిన చోట గర్భాశయంలో రక్తనాళాల నోళ్లు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి కండరం బిగుసుకుంటేనే అవి మూసుకుంటాయి. అందుకే బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారు. ఆ తర్వాత నర్సు పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి రాయిలా గట్టిగా ఉందా, మెత్తబడుతోందా అని మాటిమాటికీ చూడాలి. 500 మిల్లీలీటర్లు దాటిన రక్తస్రావాన్ని ప్రమాదంగా లెక్కిస్తారు. కానీ తడిసిన గుడ్డలను చూసి కంటితో వేసే అంచనా ఎంత నమ్మదగనిదో 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనం తేల్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో, 2 లక్షలకు పైగా కాన్పుల మీద అది జరిగింది. కంటి అంచనాతో సగం కేసులే దొరికాయి. కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి రక్తాన్ని కొలిచిన చోట్ల 93 శాతం దొరికాయి. దొరికిన వెంటనే చేయాల్సిన పనులన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టడంతో తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే శస్త్రచికిత్స, మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. అక్కడ కొత్త మందేమీ వాడలేదు. ఉన్న మందులనే వాడారు. ఫలితం తెచ్చింది కొలవడం, వెంటనే కదలడం. వార్డులో తల్లి పక్కన ఎవరో ఉన్నంత మాత్రాన సంరక్షణ జరిగినట్టు కాదనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

రక్తస్రావం గండం గడిచాక ఇక భయం లేదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. కాన్పు తర్వాత తల్లి రక్తపోటు కొంత తగ్గి, మళ్లీ పెరిగి, మూడో రోజుకూ ఆరో రోజుకూ మధ్య గరిష్ఠానికి చేరుతుంది. గర్భంతో ఉన్నప్పుడు బీపీ మామూలుగా ఉన్నవారికి కూడా ఈ రోజుల్లో పెరగవచ్చు. పెరిగి, మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని పిలిచే మూర్ఛలకు దారితీయవచ్చు. కాన్పైన వెంటనే ఒకసారి, ఆరు గంటల్లోగా మరోసారి బీపీ చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇంటికి పంపే ముందు చూడకుండా పంపడం మాత్రం ఏ మార్గదర్శకాల ప్రకారమూ ఒప్పుకోదగింది కాదు. ఆరు గంటల్లోగా మూత్రం వెళ్లిందా, జ్వరం ఉందా, మైల దుర్వాసన వేస్తోందా, పిక్క వాచి నొప్పిగా ఉందా అన్నవి కూడా ఇదే కోవలోవి. పిక్క నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. సిజేరియన్ అయినవారికి ఈ ముప్పు ఎక్కువ, గాయం చీముపట్టే ముప్పు దీనికి అదనం. తెలుగువారికి ఇది ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగాయి; దేశ సగటు 21.5 శాతం. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. అది తప్పితే నష్టపోయేది తర్వాతి కాన్పులో బిడ్డ. రక్తహీనతకు ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వాడాలి, వాటిని ఇంటికి వెళ్లే ముందే చేతికివ్వాలి. మూడు నాలుగు రోజులకు చాలామంది తల్లుల్లో కనిపించే ఏడుపు, దిగులు దానంతటదే తగ్గుతుంది. తగ్గకుండా రెండు వారాలు దాటితే అది వైద్యం అవసరమైన జబ్బు. ఈ సంగతి తల్లికి ఒక్కదానికే చెబితే చాలదు, ఇంట్లోవాళ్లకూ చెప్పాలి.

బిడ్డ విషయానికి వస్తే మొదటి గంటకు ఎంతో విలువ ఉంది. పుట్టగానే తుడిచి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెడితే బిడ్డ ఒంటి వేడి 36.5 – 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలుస్తుంది, శ్వాస కుదుటపడుతుంది, రొమ్ము వెతుక్కోవడం మొదలుపెడుతుంది. తక్కువ బరువుతో పుట్టినవారికి ఈ పద్ధతి ప్రాణాధారమని 1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో వైద్యుడు ఎడ్గార్ రే మొదటిసారి ఆచరించి చూపాడు. ఇంక్యుబేటర్లు చాలని పరిస్థితిలో ఆయన కనిపెట్టిన మార్గాన్నే ఇప్పుడు కంగారూ సంరక్షణ అంటున్నారు. బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే మరణాలు పావువంతు తగ్గుతాయని భారతదేశంతో సహా ఐదు దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ముర్రుపాల సంగతి అందరికీ తెలిసిందే అనిపిస్తుంది గాని, దేశంలో గంటలోగా తల్లిపాలు తాగిన పిల్లలు 41.8 శాతమే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు కూడా గంటలోగా పాలు అందడం లేదంటే, ఆ లోటుకు చక్కెర నీళ్లో తేనెచుక్కో పోసే నాయనమ్మ, అమ్మమ్మలను నిందించి ప్రయోజనం లేదు. సిజేరియన్ తర్వాత మత్తులో, నొప్పితో ఉన్న తల్లి ఒంటరిగా బిడ్డను రొమ్ముకు అందుకోలేదు. పక్కన నిలబడి పట్టించే నర్సు కావాలి. ఆ నర్సు లేనప్పుడే పాలడబ్బా వస్తుంది. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గడం సహజం. పుట్టిన బరువులో పదోవంతు దాకా తగ్గితే మాత్రం పాలు అందడం లేదని అనుమానించాలి. కనుక ఇంటికి వెళ్లే రోజు బిడ్డను మళ్లీ తూచాలి. దీనికి కావలసింది ఒక త్రాసు, ఒక నిమిషం; అయినా దీన్ని చాలాచోట్ల వదిలేస్తున్నారు.

పుట్టిన బిడ్డకు ఇవ్వాల్సినవాటిలో కొన్నిటికి ఆలస్యం పనికిరాదు. తొడ కండరంలో విటమిన్ కె 1 మిల్లీగ్రాము ఇస్తే పుట్టిన తొలి వారాల్లో వచ్చే ప్రాణాంతక రక్తస్రావం ఆగుతుంది. హెపటైటిస్ బి టీకా 24 గంటల్లోగా పడాలి, ఎందుకంటే పుట్టుకలో ఈ వైరస్ సోకిన శిశువుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. బీసీజీ, పోలియో చుక్కల తొలి మోతాదు కూడా ఇంటికి వెళ్లేలోగానే వేస్తారు. దీనికి విరుద్ధంగా, కొన్ని పరీక్షలకు తొందర పనికిరాదు. పుట్టుకతో థైరాయిడ్ లోపం మన దేశంలో సుమారు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది. మొదటి రెండు వారాల్లో మాత్రలు మొదలుపెడితే ఆ బిడ్డ బుద్ధి మామూలుగా ఎదుగుతుంది, ఆలస్యమైతే శాశ్వతంగా దెబ్బతింటుంది. పుట్టిన వెంటనే, ఈ లోపం పరీక్షలో కొలిచే టీఎస్‌హెచ్ హార్మోన్ సహజంగానే ఎగసిపడుతుంది కాబట్టి మడమ నుంచి తీసే రక్తపు చుక్కను 48 గంటలు దాటాక తీస్తేనే ఫలితం నమ్మదగినదవుతుంది. గుండె లోపాలదీ అదే కథ. కొందరు బిడ్డలకు గర్భంలో తెరిచి ఉండే ఒక రక్తనాళమే కాన్పు తర్వాత కొద్ది రోజులు ప్రాణం నిలుపుతుంది; అది మూసుకున్న రోజున అంతదాకా ఆరోగ్యంగా కనబడిన పసికందు ఒక్కసారిగా నీలబడుతుంది. కుడిచేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి, 24 గంటలు నిండాక ఆక్సిజన్ చూస్తే ఇలాంటివారిలో చాలామందిని ముందే పట్టుకోవచ్చు. 2011 నుంచి అమెరికాలో నవజాత శిశువులకు సిఫారసు చేసిన పరీక్షల్లో ఇది ఉంది. కరోనా కాలం తర్వాత ఆక్సీమీటరు లేని ఆసుపత్రి మన దగ్గర అరుదు కాబట్టి, ఇక్కడ లేనిది యంత్రం కాదు, అలవాటు.

పచ్చకామెర్ల గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆసుపత్రి బస ఎంతన్న చర్చ అంతా చివరకు దీని దగ్గరికే వస్తుంది. నెలలు నిండిన బిడ్డల్లో కూడా సగానికి పైగా మొదటి వారంలో పచ్చబడతారు. చాలామందికి అది నిరపాయం. కొద్దిమందిలో బిలిరుబిన్ మెదడుకు చేరి చెవుడు, పక్షవాతం లాంటి వైకల్యాలు మిగులుస్తుంది. 1950లలో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ ప్రాంతపు రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ అనే నర్సు పసిపిల్లలను ఎండ తగిలే ఆవరణలోకి తీసుకెళ్లేది; వెలుగు పడిన చోట బిడ్డ చర్మం పచ్చదనం తగ్గిందని ఆమె గమనించడం నుంచే నేటి ఫోటోథెరపీ పుట్టింది. నీలి కాంతి కింద సమయానికి పడుకోబెడితే ఈ జబ్బు అక్కడితో ఆగిపోతుంది. కిటికీ దగ్గర పొద్దుటి ఎండ చూపిస్తే చాలన్న నమ్మకం మాత్రం ప్రమాదకరం. ఆ వెలుగు మోతాదు చాలదు, ఈలోగా విలువైన కాలం పోతుంది. ఇక అసలు సమస్య, బిలిరుబిన్ గరిష్ఠానికి చేరేది మూడో రోజుకూ ఐదో రోజుకూ మధ్య. 24 గంటలకు ఇంటికి వెళ్లిన బిడ్డ ఆ సమయానికి డాక్టరు కళ్ల ముందు ఉండడు. 48 గంటలు ఉంచినా పూర్తిగా గట్టెక్కినట్టు కాదు. కానీ పచ్చదనం అప్పటికి ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది, మళ్లీ ఎప్పుడు చూడాలో చెప్పగలుగుతారు.

అందుకే భారత ప్రభుత్వ మార్గదర్శకాలు సాధారణ కాన్పు తర్వాత 48 గంటల బస కోరుతున్నాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫారసుల్లో కనీసం 24 గంటలు అని ఉంది గాని, దాంతోపాటే 48 – 72 గంటల మధ్య, మళ్లీ 7 – 14 రోజుల మధ్య, ఆపై ఆరో వారంలో పరీక్ష జరగాలి అని కూడా ఉంది. మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేయడం న్యాయం కాదు. 92 దేశాల లెక్కలతో 2016లో వచ్చిన అధ్యయనం ప్రకారం సాధారణ కాన్పు తర్వాత సగటు బస ఈజిప్టులో అర రోజు, ఉక్రెయిన్‌లో 6.2 రోజులు. ఇంత తేడాను తల్లుల శరీరధర్మంతో వివరించలేం. డబ్బు, పడకలు, అలవాటు కలిసి దాన్ని నిర్ణయిస్తున్నాయి. అమెరికాలో 1970లో నాలుగు రోజులకు దగ్గరగా ఉన్న బస 1990ల తొలినాళ్లకు రెండు రోజులకు, బీమా కంపెనీల ఒత్తిడితో కొన్నిచోట్ల ఒక్క రోజుకు పడిపోయింది. ప్రజాగ్రహం వెల్లువెత్తడంతో 1996లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి, సాధారణ కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటలు తగ్గకుండా బీమా వర్తించాలని ఆదేశించింది. మన దగ్గర 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం మరో మార్గం ఎంచుకుంది. సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు తల్లికి ఉచిత భోజనం, ఉచితంగా మందులు, పరీక్షలు, రక్తం, తిరిగి ఇంటికి వాహనం. భోజనానికి రోజులు లెక్కగట్టడం వెనుక ఆలోచన మంచిదే: ఖర్చు భయంతో ఎవరూ ముందే వెళ్లిపోకూడదు.

48 గంటల బసకు ఎదురయ్యే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది పడకలు. పెద్ద ప్రసూతి ఆసుపత్రుల్లో కాన్పులు ఎక్కువ, మంచాలు తక్కువ. ఒకరిని రెండు రోజులు ఉంచితే నొప్పులతో వచ్చిన మరొకరికి చోటెక్కడ అని డ్యూటీ డాక్టరు అడిగే ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ లెక్క ముందుకు కూడా వేయాలి. కామెర్లు ముదిరిన బిడ్డ నవజాత శిశు విభాగంలో, మూర్ఛలొచ్చిన తల్లి ఐసీయూలో ఎన్నో రోజులు ఉండాల్సి వస్తుంది. రెండోది, ఆసుపత్రిలోనే ఇన్ఫెక్షన్లు అంటుతాయి కాబట్టి త్వరగా వెళ్లడమే క్షేమం అనే మాట. ఇందులో నిజం ఉంది. 1847లో వియన్నాలో వైద్యుడు సెమ్మెల్‌వైస్ నిరూపించింది బాలింతలను చంపుతున్నది వైద్యుల చేతులేనని. ఆయన చూపిన మందు మాత్రం తల్లులను ముందే పంపేయడం కాదు, చేతులు కడగడం. మూడోది అన్నిటికన్నా బలమైనది: నెదర్లాండ్స్‌లో సజావుగా కన్న తల్లులు కొద్ది గంటల్లోనే ఇంటికి వెళ్తున్నారు, వారికేమీ కావడం లేదు. నిజమే, కానీ అక్కడ శిక్షణ పొందిన ప్రసూతి సహాయకురాలు వారం రోజులకు పైగా రోజూ ఇంటికొచ్చి, గంటల తరబడి ఉండి, తల్లినీ బిడ్డనూ చూసుకుంటుంది. ఆ ఖర్చులో ఎక్కువ భాగం బీమా భరిస్తుంది. త్వరగా పంపడం మీద జరిగిన పరీక్షలను 2021లో సమీక్షించిన కోక్రేన్ బృందానికి తల్లుల విషయంలో పెద్ద తేడా కనబడలేదు. బిడ్డలు మాత్రం నెలలోగా తిరిగి ఆసుపత్రిలో చేరే అవకాశం పెరుగుతోందని తేలింది. ఇంటికి నర్సు వచ్చే ఏర్పాటున్న దేశాల అనుభవాన్ని ఆ ఏర్పాటు లేని చోటికి తెచ్చి అతికించలేం.

రాసుకున్న పట్టికతో సరిచూసుకుని పంపితే చాలదా అన్నది మరో ఆలోచన. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సురక్షిత ప్రసవ పట్టికలో 29 అంశాలుంటాయి. నాలుగు సందర్భాల్లో ఆగి చూసుకోమంటుంది, వాటిలో చివరిది డిశ్చార్జ్. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో, లక్షన్నరకు పైగా తల్లీబిడ్డల మీద దీన్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. నర్సులకు పక్కన నిలబడి నేర్పించారు. చేయాల్సిన పనులు చేయడం బాగా పెరిగింది. మరణాలు, తీవ్ర అనారోగ్యాలు మాత్రం తగ్గలేదు. ఇది నిరాశపరిచే ఫలితం, దీన్ని దాటవేయకూడదు. అయితే దీన్నిబట్టి పరీక్షించడం వృథా అనుకోవడం తప్పు. బీపీ ఎక్కువని తేలాక ఇచ్చే మందు, చూసే వైద్యుడు, పంపగలిగే పెద్దాసుపత్రి లేకపోతే ఆ కొలత కాగితం మీదే మిగిలిపోతుంది. ఆక్సిటోసిన్, రక్తం, శిక్షణ పొందిన నర్సు, ఈ మూడూ చాలని చోట పట్టిక ఒక్కటే ప్రాణం పోయలేదు. ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలు మెరుగైన స్థితిలో ఉన్నాయి: 2018–20 మధ్య లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 కాగా తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. చికిత్స అందించే సామర్థ్యం ఇక్కడ చాలావరకు ఉంది. కనుక మిగిలిన మరణాలు తగ్గాలంటే పరిశీలన మీదే పట్టుబట్టాలి.

ఇక ఇల్లు. తెలుగు కుటుంబాల్లో మొదటి కాన్పు పుట్టింటివారి బాధ్యత. తల్లి పేరు అత్తవారి ఊళ్లో ఆశా కార్యకర్త పుస్తకంలో నమోదై ఉంటుంది, కాన్పు పట్నంలో ప్రైవేటు ఆసుపత్రిలో జరుగుతుంది, బాలింత వెళ్లేది పుట్టింటికి. ఇంటికి వెళ్లి చూసే జాతీయ కార్యక్రమంలో 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త రావాలి. కానీ ఒక ఊరి ఆశా నుంచి మరో ఊరి ఆశాకు కబురు అందేదెలా? సంరక్షణ గొలుసు ఎక్కువగా తెగేది ఇక్కడే, నా దృష్టిలో దీనికి తగినంత ప్రాధాన్యం ఇంతవరకు దక్కలేదు. ఇంటి సందర్శనల విలువ మీద సందేహం ఉన్నవారు మహారాష్ట్రలోని గడ్చిరోలీ చూడాలి: డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి పల్లె మహిళలకు శిక్షణనిచ్చి ఇళ్లలోనే పసికందులకు సేవలందించినప్పుడు నవజాత మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. మంచి రోజు చూసుకుని ఆసుపత్రి నుంచి బయల్దేరే ఆచారాన్ని కూడా వైద్యులు చులకన చేయనక్కర్లేదు. ముహూర్తం కోసం ఒక రోజు ఎక్కువ ఉంటే ఎవరికీ నష్టం లేదు. ముహూర్తం దాటిపోతుందని పరీక్షలు కాకుండానే వెళ్తేనే నష్టం. ఇది ముందురోజే కుటుంబంతో మాట్లాడి తేల్చుకోదగిన విషయం.

కాబట్టి డిశ్చార్జ్ కాగితం మీద తల్లి చివరి బీపీ, బిడ్డ ఆనాటి బరువు, కామెర్ల స్థితి, వేసిన టీకాలు, మళ్లీ చూపించాల్సిన తేదీ, బాలింత వెళ్లే ఊరు, ఆ ఊరి ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం ఫోన్ నంబరు ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటయినా ఇవి లేని కాగితాన్ని పూర్తయినదిగా ఒప్పుకోకూడదు. బయల్దేరే ముందు కుటుంబంలో ఒకరు ఈ వివరాలు అడిగి రాయించుకోవాలి. బిడ్డ పాలు తాగడం మానినా, నిమిషానికి 60కి పైగా ఎగశ్వాస పెట్టినా, ఒళ్లు చల్లబడినా కాలినా, అరిచేతులూ అరికాళ్లూ పచ్చబడినా, తల్లికి గుడ్డలు తడిసిపోయేలా రక్తం పోయినా, తలనొప్పితో చూపు మసకబారినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. జబ్బుపడిన శిశువుకు ఏడాది నిండేదాకా ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స, మందులు, పరీక్షలు, రానుపోను వాహనం ఉచితం.